వాసన కోసం మాగిన పండ్లు

మా పెద్దమ్మ పోయి పదిహేను రోజులైంది. తోటల్లో బంగినపల్లి కోత సగంలో ఉంది. పోయిన రోజు పొద్దున్నే ఆవిడ కొడుకు, మా అన్నయ్య, ఫోన్ చేశాడు. "అమ్మ పోయిందిరా. బయల్దేరు. వచ్చి ఉపన్యాసం మాత్రం ఇవ్వకు," అని పెట్టేశాడు. అన్నయ్యకి నా మీద కోపం ఉంది. ఉండాలి కూడా. ఇది చదివాక మీకూ ఉంటుంది.

డెబ్బై దాటిన మనిషి. వారం రోజులు జ్వరం. మైలవరం తీసుకెళ్ళి సెలైన్ పెట్టించారు, తీసుకొచ్చారు, పోయింది. ఒక హోటలు ఆవిణ్ణి చంపేసిందని రాయడం నాకు చాలా సులువు. నిజానికి ముందు ఆ వాక్యమే రాసి కొట్టేశాను. హోటళ్ళు మనుషుల్ని వాడుకుంటాయి, తుడిచి పక్కన పెడతాయి. అంతవరకే వాటి పని. వాడుకోమని ఆ మనిషిని తీసుకెళ్ళి అప్పజెప్పేవాడు ఒకడుంటాడు. ఇక్కడ ఆ పని చేసింది నేను.

ఆవిడ పని మామిడికాయలు మాగవేయడం. మా ఊరు రెడ్డిగూడెం దగ్గర. చుట్టూ తోటలే, ఒక్క చెట్టూ మాది కాదు. కోతల కాలంలో మా అమ్మా, పెద్దమ్మా కూలికి పోయేవాళ్ళు. అమ్మ బుట్టలు మోసేది. పెద్దమ్మని మాత్రం ఏ రైతూ మోతకి పంపేవాడు కాదు. ఆవిడది మాగవేసే చెయ్యి. గదిలో వరిగడ్డి పరిచి, కాయల్ని ముచ్చిక కిందికి ఉండేలా పేర్చి, పైన మళ్ళీ గడ్డి కప్పి తలుపు మూసేది. మూడో రోజున తెరిచి ఒక్కో కాయనీ తిరగేసేది. పండిందో లేదో చూడటానికి ఏనాడూ కాయని నొక్కలేదు. గుమ్మంలో నిలబడి ఒక్కసారి గాలి పీల్చి, "ఆ మూల నాలుగు తయారయ్యాయి," అనేది. వెళ్ళి చూస్తే నాలుగే ఉండేవి.

చిన్నప్పుడు నేను నొక్కి చూడబోతే చేతి మీద ఒక్కటేసేది. "తొందర నీకురా, కాయకి కాదు." ఇంకో మాట కూడా అనేది. "కుళ్ళిన కాయ సంగతి వదిలెయ్, దాని పక్కనున్నదాన్ని చూడు." ఇరవయ్యేళ్ళుగా నేను సమాజం గురించి వేదికల మీద చెప్పినవాటిలో ఇంతకన్నా పదునైన మాట ఒక్కటీ లేదు. అది కూడా నా సొంత మాటన్నట్టు చాలా సభల్లో వాడుకున్నాను. చప్పట్లు కొట్టారు. ఎవరి మాట అని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

కార్బైడ్ పొట్లాలు వచ్చాక గడ్డితో పని తగ్గిపోయింది. మార్కెట్‌కి పోయే కాయకి మందు పొట్లం, తమ పిల్లలు తినే కాయకి మా పెద్దమ్మ. తోటలున్నవాళ్ళు రెండేసి బుట్టలు ఆవిడ ఇంటికి పంపేవాళ్ళు. "ఊరందరికీ విషం, మీ ఇంటోళ్ళకి గడ్డీనా అండీ?" అని ఆవిడ వాళ్ళ మొహం మీదే అడిగేది. "నీ నోటికి దడిసేగా బుట్టలు నీ ఇంటికి పంపేది," అని వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆవిడా నవ్వేది. నాకు మాత్రం ఆ నవ్వులో ఎప్పుడూ వాటా దొరకలేదు. నేను కోపిష్టిని. ఆవిడ కాదు. కోపం నాకు వృత్తి, ఆవిడకి తీరిక లేదు.

ఆవిడకో ఆనవాయితీ ఉంది. గది తెరిచిన రోజు మొదటి పండు అమ్మకూడదు, దాచకూడదు. ఆ పొద్దున గుమ్మం ముందుకి ముందుగా ఎవరొస్తే వాళ్ళకి ఇవ్వాలి, ఎదురుగా తినిపించాలి. వాళ్ళ మొహం చూసి ఆ విడత ఎలా మాగిందో తేల్చుకునేది. ఒక ఏడాది కరెంటు బిల్లు కొట్టేవాడు తిన్నాడు. ఒక ఏడాది పొద్దున్నే తాగి తూలుతున్నవాడు తిని, అక్కడే కూర్చుని ఏడ్చాడు. "దేవుడికి పెట్టవేంటే ముందు?" అని పెదనాన్న దెప్పేవాడు. "రమ్మను. గుమ్మంలోకి వస్తే ఆయనకీ పెడతా," అనేది.

ఇక హోటలు సంగతి.

నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఇంటీరియర్ డిజైనర్ అయింది. సముద్రం ఒడ్డున కడుతున్న ఒక ఖరీదైన హోటల్లో లోపలి అలంకరణ అంతా ఆమె చేతిలో పెట్టారు. రెండేళ్ళ క్రితం ఫోన్ చేసింది. "సార్, సముద్రం అన్ని హోటళ్ళకీ ఉంది. మా లాబీలో అడుగుపెట్టగానే వేసవి సెలవుల వాసన రావాలి. మాగిన మామిడి వాసన. సెంటు కాదు సార్, నిజంది. మీరు క్లాసులో మీ పెద్దమ్మగారి గది గురించి చెప్పేవారు, గుర్తుందా?"

ఎందుకు గుర్తుండదు? అది కూడా నేను అమ్ముకున్నదే.

పెద్దమ్మ వెంటనే ఒప్పుకోలేదు. "కాయ ఇక్కడుంది, గడ్డి ఇక్కడుంది, తినేవాడిక్కడున్నాడు. సముద్రం దాకా ఎందుకురా చిన్నోడా?"

"నీ పనికి విలువిస్తారు పెద్దమ్మా."

"ఇక్కడ లేదని ఎవడు చెప్పాడు?"

నేను చాలాసేపు మాట్లాడాను. నైపుణ్యం అన్నాను, గుర్తింపు అన్నాను. ఆవిడకి సగం అర్థం కాలేదు. అర్థమైన సగం నచ్చలేదు. అయినా చదువుకున్నవాడు చెబుతున్నాడని సరేనంది. నిరుడు కోతల కాలంలో ఆవిడ అక్కడికి చేరిన వారానికే నేను పత్రికలో వ్యాసం రాశాను. అట్టడుగు మనిషి చేతిపనికి అద్దాల మేడలో పీట వేశారని, ఇది చిన్న మార్పు కాదని. అన్నయ్య ఆ కాగితం కత్తిరించి, అద్దం కట్టించి ఇంట్లో గోడకి తగిలించాడు. పెద్దమ్మకి చదవడం రాదు. సెలవు మీద వచ్చినప్పుడల్లా దాన్ని కొంగుతో తుడిచేదట.

ఆ లాబీ ఎలా ఉంటుందో మీకు చెప్పాలి, ఎందుకంటే అలాంటిచోట కాఫీ తాగి వచ్చి "ఎంత సింపుల్‌గా ఉందో" అనేవాళ్ళు నా పాఠకుల్లోనే ఉన్నారు. గోడలకి తెల్ల ఇసుక రంగు సున్నం. స్తంభాలకి కింది నుంచి పై దాకా కొబ్బరి తాడు చుట్టారు. మామిడికాయలు కోసే వలసంచుల్ని, మేం చిక్కాలంటాం, పైకప్పు నుంచి వేలాడదీసి లోపల బల్బులు పెట్టారు. చెట్టెక్కే నిచ్చెన గోడకి ఆనించి దాని మెట్ల మీద తువ్వాళ్ళు ఆరేశారు. రుబ్బురోట్లో నీళ్ళు పోసి పువ్వులు వదిలారు. ఈతకొలను చుట్టూ నులకమంచాలు. పైన తాటాకు. అది ప్లాస్టిక్ తాటాకు. నిజంది వేస్తే పురుగు చేరుతుందట.

తీసుకెళ్ళి దింపిన రోజున పెద్దమ్మ మధ్యలో నిలబడి చుట్టూ చూసింది. "ఏరా, ఇంత డబ్బు పెట్టి మనిల్లు కట్టుకున్నారేంట్రా వీళ్ళు?" అంది. మళ్ళీ పైకి చూసి, "వానొస్తే కారుద్దా?"

"కారదు పెద్దమ్మా."

"అయితే మనిల్లు కాదులే."

పేదల ఇంట్లోంచి పేదవాణ్ణి బయటికి పంపేస్తే మిగిలినదాన్ని ఈ రోజుల్లో డిజైన్ అంటున్నారు. వీళ్ళు ఇంకో అడుగు ముందుకేసి ఒక పేదమనిషిని కూడా ఉంచుకున్నారు. లాబీ మధ్యలో వెదురు తడికల గది కట్టారు. తడిక సందుల్లోంచి గడ్డి కనపడుతుంది, కాయలు కనపడతాయి, వాటిని తిరగేసే ముసలామె కనపడుతుంది. గాలి అటునుంచి ఇటు వచ్చేలా లోపల ఫ్యాన్లు దాచారు.

మొదటి రోజే చీర దగ్గర పేచీ వచ్చింది. పెద్దమ్మ ఆకుపచ్చ నైలాన్ చీరలో వెళ్ళింది. డిజైనర్ అమ్మాయి మెత్తటి నేత చీర తెచ్చి చేతిలో పెట్టింది. అంచు కూడా లేదు, ఒంటి మీద గోడ రంగే.

"మా ఆయన బతికే ఉన్నాడమ్మా," అంది పెద్దమ్మ. "పొద్దున టీ చల్లారిపోయిందని తిట్టాడు కూడా."

"అయ్యో, ఇది తెలుపు కాదమ్మా, ఐవరీ."

"పేరేదైతేనేం తల్లీ, చూసినోళ్ళు పోయిందెవరని అడుగుతారు."

ఆ అమ్మాయి పాపం నొచ్చుకుంది. బతిమాలింది. పెద్దమ్మ నా వైపు చూసింది. ఇది సంప్రదాయం పేరుతో ఆడవాళ్ళ మీద రుద్దిన రంగుల రాజకీయమని నేను చెప్పాను. ఇప్పటికీ అలాగే అనుకుంటాను. అయితే ఆ వాదన ఆ రోజు ఎవరి వైపు పనిచేసిందో కూడా చెప్పుకోవాలి. పెద్దమ్మ ఆ చీర కట్టుకుంది. నుదుటన రూపాయంత కుంకుమ పెట్టుకుంది. "ఆ ఎరుపు చాలా బాగుంది, ఉంచేయండి," అంది డిజైనర్. ఫోటో చూసి పెదనాన్న అన్నది ఒక్కటే మాట: "నన్ను చంపి నిలబెట్టారు కదే."

మొదటి విడత మాగింది. నాలుగో రోజు పొద్దున పెద్దమ్మ గది తెరిచింది. లాబీ అంతా వాసన. ఆ వేళకి గుమ్మం ముందుకి ముందుగా వచ్చింది నేల తుడిచే మనిషి. పక్క ఊరి జాలరోళ్ళ ఆడమనిషి, ఇద్దరు పిల్లల తల్లి. పెద్దమ్మ పద్ధతి ప్రకారం పండు ఆమె చేతిలో పెట్టింది. "వద్దమ్మా, ఇక్కడ తినకూడదు," అందట ఆమె. "నా గుమ్మంలో నువ్వు తినకపోతే నాకు తెలిసేదెట్టాగే? తిను," అని పెద్దమ్మ గదమాయించింది. ఆమె తుడుపుకర్ర గోడకి ఆనించి, నిలబడే తినేసింది. రసం మోచేతి దాకా కారింది. బాగా మాగిందని ఆమె మొహం చూస్తేనే తెలిసిందట.

మధ్యాహ్నానికి ఆమెని పనిలోంచి తీసేశారు. కెమెరాలో పడింది.

రూలు ఇది. ఆ మామిడికాయలు వంటగది సరుకుగా రాలేదు, అలంకరణ సామాను కింద వచ్చాయి. తాడు, సున్నం, తాటాకు ఎలాగో పండూ అలాగే. అలంకరణ సామానుని ఉద్యోగి నోట్లో పెట్టుకుంటే అది దొంగతనం. మరి పండ్లు మెత్తబడ్డాక? హోటలు వెనక సరుగుడు చెట్ల దగ్గర తవ్విన గోతిలో పారేయాలి. పారేశాక పనివాళ్ళు ఏరుకుంటున్నారు కాబట్టి పైన ఫినాయిలు పోయాలి. ఎవరు పోయాలి? గది ఎవరిదైతే వాళ్ళు.

ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. పదిహేను రోజుల తర్వాత చూడటానికి వెళ్ళినప్పుడు కళ్ళారా చూశాను. పెద్దమ్మ గోతి పక్కన గొంతుక్కూర్చుని ఉంది. గోతి నిండా పండ్లు. ఒక్కటి కూడా కుళ్ళలేదు. ఆవిడ చేతిలో కుళ్ళదు. నీళ్ళల్లో కలిపిన ఫినాయిలు పాలలా తెల్లగా ఉంటుంది. చెంబుతో ముంచి నెమ్మదిగా, చుట్టూ తడిసేలా పోస్తోంది. దూరం నుంచి చూస్తే ఎవరో పసిపిల్లలకి పాలూ పండూ కలుపుతున్నట్టే ఉంది.

నేను వెళ్ళి మేనేజర్‌తో గొడవ పెట్టుకున్నాను. "సార్, అది ఫుడ్ కాదు, డెకార్. రేపు ఎవడికో వాంతులైతే ఎవరిది బాధ్యత?" అన్నాడు. అరిచినవాడు కాదు, మంచినీళ్ళు కూడా ఇప్పించాడు. క్రూరత్వం ఎప్పుడూ మీసాలు మెలేసి వస్తుందని మన కథలు మనకి తప్పుగా నేర్పాయి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, "మీ బాధ అర్థమైంది సార్," అంటుంది.

"ఇదంతా రాసి పారేస్తాను. పద పోదాం," అన్నాను పెద్దమ్మతో.

ఆవిడ చేతులు కడుక్కుంటోంది. "ఏం రాస్తావు? మొన్నేగా గొప్పగా రాశావు. ఇప్పుడిది రాస్తే అది అబద్ధమవుద్ది. నలుగురిలో నీ మాట పోద్ది."

"పోతే పోనీ."

"నీకు మాట తప్ప ఏముందిరా?" అంది. దెప్పుతూ అనలేదు, జాలిగా అంది. "ఆ నేల తుడిచే పిల్ల పొట్ట ఎట్టాగూ కొట్టాను. ఇంకా నీది కూడా ఎందుకు? సీజను అయ్యేదాకా ఉంటాలే."

నేను రాయలేదు. బస్సులో కూర్చున్నాక నాకు కలిగింది కోపం కాదు, ఊరట. ఇది దాచి ఈ నివాళి రాస్తే నా బతుకంతా పక్కవాళ్ళకి విప్పిచెప్పిన నిజాయితీ అనే మాటకి అర్థం ఉండదు. ప్రభుత్వాల మీద రాశాను, కులం మీద రాశాను, దేవుణ్ణి కూడా వదల్లేదు. ఒక గోతి మీద రాయలేకపోయాను. ఎందుకంటే ఆ గోతి గట్టున నా వ్యాసం కూడా ఉంది.

కాయలు అయిపోయాయి. అతిథులకి మాత్రం ఆ వాసన అలవాటైంది. అప్పుడు గోడలో ఒక మిషను బిగించారు. సీసాలోంచి మామిడి వాసన వదులుతుంది, పన్నెండు నెలలూ. ఒక్క అతిథి కూడా తేడా కనిపెట్టలేదట. పైగా ఇప్పుడే ఇంకా సహజంగా ఉందన్నారట. గడ్డిలోకి మైనం పండ్లు తెప్పించారు. పెద్దమ్మని ఉండమన్నారు, వాటిని తిరగేస్తూ.

ఫోన్ చేసి నన్ను అడిగింది. "మైనం కాయలంట్రా. తిరగేస్తే పాపమేం లేదుగా?"

"నీకు సిగ్గుగా లేదా పెద్దమ్మా అలా కూర్చోడానికి?" అని అరిచాను.

"సిగ్గెందుకు? వీటికి ఫినాయిలు పొయ్యక్కర్లేదుగా," అంది. గొంతులో నిజంగా సంతోషం.

నాలుగు నెలలు ఆ మైనాన్ని తిరగేసింది. మూడో రోజుకోసారి, పద్ధతి తప్పకుండా. తర్వాత మోకాళ్ళు పట్టేసి ఇంటికొచ్చేసింది. వీడ్కోలుకి శాలువా కప్పారు. అది కూడా గోడ రంగే.

ఈ ఏడాది కోత మొదలవగానే ఎప్పట్లాగే బుట్టలు వచ్చాయి. పెద్దమ్మ ముట్టుకోలేదు. "చేతులు వాసనొస్తున్నాయి," అంది. చింతపండుతో తోమింది, బూడిదతో తోమింది, నిమ్మచెక్కలతో రుద్దింది. మాకెవరికీ ఏ వాసనా రావడం లేదు. ఆవిడకి మాత్రం అన్నంలో అదే ఫినాయిలు, నీళ్ళల్లో అదే. అన్నయ్య బలవంతం మీద ఒక బుట్ట మాగవేసింది. నాలుగో రోజు గుమ్మంలో నిలబడి గాలి పీల్చింది. మళ్ళీ పీల్చింది. పెదనాన్న వైపు తిరిగి, "నువ్వు చూడు. నాకు తెలీట్లేదు," అంది.

పెళ్ళయినప్పటి నుంచి ఆయన్ని ఏ కాయనీ ముట్టుకోనివ్వని మనిషి. పెదనాన్న లోపలికెళ్ళి, చేతకాక, ఒక్కోదాన్నీ నొక్కి చూశాడు. ఆవిడ చూస్తూ నిలబడింది. జ్వరం ఆ తర్వాత వారానికి వచ్చింది.

పెద్దకర్మ రోజున డిజైనర్ అమ్మాయి వచ్చింది. అంత దూరం నుంచి తనే కారు నడుపుకుంటూ వచ్చింది. పెదనాన్న కాళ్ళ దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపులో నటన లేదు, అదే నాకు భరించలేనిది. దుర్మార్గురాలైతే నాకు ఎంత హాయిగా ఉండేది!

ఏడ్చాక, "ఆ గది ఒక్కసారి చూడొచ్చా తాతగారూ?" అంది. ముగ్గురం వెళ్ళాం. గది ఖాళీగా ఉంది, గడ్డి కూడా తీసేశారు. సున్నం గోడకి నడుమెత్తున ఒకచోట నల్లగా, నున్నగా, నూనె పట్టినట్టు మెరుస్తున్న మచ్చ ఉంది. అమ్మాయి దాని ముందు ఆగిపోయింది. వేలితో మెల్లిగా తడిమింది.

"ఈ ఫినిష్ ఎలా వచ్చింది తాతగారూ?"

"కాయలు తిరగేసి లేచేటప్పుడు అక్కడ చెయ్యి ఆనించేదమ్మా," అన్నాడు పెదనాన్న. "నలభయ్యేళ్ళు ఆనిస్తే అట్టా వస్తది."

"ఒక్క ఫోటో తీసుకోనా?"

పెదనాన్న ఆ మచ్చ వైపు చూశాడు. "తీసుకో తల్లీ. అదొక్కటీ మాకెందుకు?"

అమ్మాయి ఫోన్ తీసింది, వంగింది, మళ్ళీ నిటారుగా నిలబడింది. నేను గుమ్మంలో ఉన్నాను. నా నీడ గోడ మీద పడుతోంది. "సార్, కొంచెం వెలుతురు..." అంది, కళ్ళు తుడుచుకుంటూ.

నేను పక్కకి జరిగాను. ఎండ గోడ మీద పడింది. ఆ నల్లటి మెరుపులో నాలుగు వేళ్ళూ విడివిడిగా కనపడ్డాయి.